బందరు కోటలో తాతయ్య చేతికర్ర

మా అమ్మమ్మగారి ఊరు బందరు. బస్సు బోర్డు మీద మచిలీపట్నమని రాసి ఉన్నా, ఉత్తరాల మీద అదే పేరు రాసుకున్నా, మా ఇంట్లో మాత్రం ఎవరి నోటా బందరు అన్న మాటే తప్ప మరో పేరు వినలేదు. ఏడాది పరీక్షలు ముగిసిన మర్నాడే మమ్మల్ని అక్కడికి పంపేవారు. ఆ సెలవుల్లో కనీసం రెండు మూడుసార్లయినా, ఎండ తిరిగే వేళ చూసుకుని, తాతయ్య నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బందరు కోటకు తీసుకువెళ్లేవారు. ఆయన ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు గానీ, పాఠం చెప్పే అలవాటును మాత్రం విడిచిపెట్టలేదు. చేతికర్రను సైకిలు హ్యాండిలుకు అడ్డంగా కట్టుకునేవారు. ఆ కర్ర ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కోట ఊరి మధ్యలో ఉండదు. పాత పట్టణానికి ఆగ్నేయంగా, సుమారు మైలున్నర దూరంలో, సముద్రపు పాయ ఒడ్డున ఉంటుంది. ఇళ్లు పలచబడి, కొబ్బరిచెట్లు వెనకబడి, రెండు వైపులా ఉప్పు పేరుకున్న బూడిదరంగు నేల మొదలయ్యేసరికి గాలి వాసన మారేది. ఎండిన చేప, తడి మట్టి, పాచి కలగలిసిన ఆ వాసన నా బాల్యంలో సగానికి తాళంచెవి వంటిది. ఇవాళ ఏ రేవులో దిగినా, ఆ వాసన తగిలిన క్షణంలో సైకిలు కడ్డీ మీద ఒత్తుకుపోయిన నా తొడల నొప్పితో సహా అంతా గుర్తుకు వస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు పదేళ్లు. అంతకుముందు కొండపల్లి చూసి ఉన్నాను కాబట్టి, కోట అంటే కొండ, రాతిగోడలు, ఎత్తయిన గుమ్మం అనుకున్నాను. ఇక్కడేమో పిచ్చిమొక్కలు, కూలిన ఇటుక కట్టడాలు, గంట వేలాడదీసేందుకు కట్టిన ఒక గోపురం, పైకప్పులేని పొడవాటి గదులు, ఆయుధాలు దాచుకున్న గిడ్డంగి అని చెప్పే లావుపాటి గోడల కట్టడం మాత్రమే కనిపించాయి. "కోట ఏది తాతయ్యా?" అని అడిగితే ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. సైకిలు స్టాండు వేసి, పాయ వైపుకు నడిపించుకు వెళ్లి, "అదిగో, అక్కడ కాలు పెట్టి చూడు నాయనా" అన్నారు.

కాలు పెట్టాను. పైకి గట్టిగా, పగుళ్లు వేసి ఉన్న నేల ఒక్కసారిగా మెత్తబడి, చీలమండను, ఆపైన పిక్కను మింగింది. లాగబోతే చెప్పు లోపలే ఉండిపోయింది. చల్లగా, జిగటగా, ఎవరో అడుగు నుంచి పట్టుకున్నట్టుగా ఉన్న ఆ బురదలో నేను ఏడుపు ముఖం పెడితే, తాతయ్య కర్ర అందించి బయటికి లాగి, "ఇదే మొదటి గోడ. ఇటుక గోడ దీని తరవాతే" అన్నారు. ఆ చెప్పు దొరకలేదు. ఇంటికి వెళ్లాక అమ్మమ్మ ఆయనను ఏమేమి అన్నదో ఇక్కడ రాయను.

ఆ రోజు నాకు అర్థం కాలేదు గానీ, ఆ కోట గురించి నేను ఆపైన చదివినదంతా ఆ ఒక్క మాటకు వివరణే. కొండ లేని చోట, రాయి దొరకని చోట కోట కట్టాలనుకున్నవాళ్లు సముద్రాన్నీ బురదనూ కాపలా పెట్టుకున్నారు. మట్టి కట్టలకు బయట ఇటుక తొడిగి, పదకొండు బురుజులు లేపి, చుట్టూ అగడ్త తవ్వి, దానిలోకి పాయ నీరు వచ్చి పోయేలా చేశారు. పొడవు సుమారు 800 గజాలు, వెడల్పు అంతకన్నా కొంత తక్కువ. ఊరి వైపు నుంచి లోపలికి రావాలంటే బురద మీదుగా వేసిన ఒకే ఒక్క కట్ట మీద నడిచి రావాలి. మిగిలిన అన్ని వైపులా ఊబి నేలా ఉప్పునీరూ కాపలా కాసేవి.

ఇంత శ్రమ ఎందుకు పడ్డారో తెలియాలంటే బందరు రేవు అప్పట్లో ఎంతటిదో తెలియాలి. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి సముద్రద్వారం ఇదే. ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి అటు పర్షియాకూ ఇటు సుగంధద్రవ్యాల దీవులకూ వెళ్లేవి. ఆ దీవుల్లో మిరియాలూ జాజికాయా కొనాలంటే వెండి కన్నా కోరమాండల్ తీరపు గుడ్డకే గిరాకీ ఎక్కువ ఉండేది. అందుకే డచ్చివాళ్లు 1605లోనే వచ్చి వర్తకశాల పెట్టుకున్నారు, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు, ఫ్రెంచివాళ్లు 1669లో చేరారు. మనవాళ్లు వాళ్లందరికీ తెలుగు పేర్లు పెట్టేశారు. డచ్చివాళ్లు వలందులు, ఫ్రెంచివాళ్లు ఫరాసులు. వాళ్లంతా వెళ్లిపోయినా వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం బందరులో ఇప్పటికీ ఉన్నాయి. కూరగాయలమ్ముకునే ఆవిడ "పరాసుపేట నుంచి వస్తున్నానమ్మా" అని అమ్మమ్మతో అంటుంటే, ఆ పేరులో ఒక దేశం ఉందని తాతయ్య చెప్పేదాకా నాకు తెలియదు.

ఒకసారి కోట నుంచి తిరిగి వస్తూ వలందుల సమాధులు చూపించారు. నల్లని రాతి పలకల మీద అక్షరాలు లోపలికి చెక్కి ఉండవు, పైకి ఉబికి ఉంటాయి. చుట్టూ ఉన్న రాయినంతా తొలిచేసి అక్షరాన్ని మిగిల్చిన పనితనం అది. కుటుంబాల చిహ్నాలు, శిరస్త్రాణాలు, లతలు. పదిహేడో శతాబ్దంలో సముద్రం దాటి వచ్చి ఇక్కడే కన్నుమూసిన వర్తకులూ వాళ్ల పిల్లలూ వాటి కింద ఉన్నారు. తాతయ్యకు ఆ భాష రాదు. అయినా వేలితో ఆ అక్షరాల మీద నెమ్మదిగా రాస్తూ, అంకెలు చదివి, "ఈ బిడ్డ నీకన్నా చిన్నది" అన్నారు. ఆ పలక ఎండకు కాలిపోతోంది. నేను కూడా వేలు పెట్టి చూశాను.

కోట అసలు కథ 1750తో మొదలవుతుంది. ఆ ఏడాది ఫరాసులు బందరును చేజిక్కించుకున్నారు. నిజాం పీఠం కోసం నడిచిన తగాదాల్లో తలదూర్చి, 1753 నాటికి ఫరాసు సేనాని బుస్సీ కోస్తా తీరంలోని ఉత్తర సర్కారు జిల్లాలను కూడా సంపాదించాడు. కోటను తమ పద్ధతిలో బలపరిచారు. అయిదేళ్లు తిరిగేసరికి విజయనగరం ప్రభువు ఆనంద గజపతిరాజు ఫరాసుల మీద కోపంతో బెంగాలులో ఇంగ్లీషువాళ్ల తరఫున ఉన్న క్లైవుకు కబురు పంపాడు. క్లైవు పంపగా వచ్చిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫరాసు సైన్యాన్ని ఓడించి, మరుసటి ఏడాది మార్చి మొదటివారంలో బందరు కోట ముందు దిగాడు. లోపల ఉన్న సేనాని పేరు కాన్‌ఫ్లాన్స్.

తాతయ్య ఈ ముట్టడిని పుస్తకంలో ఉన్నట్టు చెప్పేవారు కాదు. చేతికర్రతో నేల మీద నలుచదరం గీసి, ఈశాన్య మూలన ఒక గుల్ల పెట్టి, "ఇది ఒక బురుజు. ఇంగ్లీషువాళ్ల ఫిరంగులు ఇటు ఇసుక మేట మీద ఉన్నాయి" అనేవారు. నైరుతి వైపు ఏమీ పెట్టేవారు కాదు. "ఇటు ఎవరూ రాలేరని ఫరాసుల ధీమా. అంతా ఊబి" అనేవారు. మార్చి చివర నుంచి ఫిరంగులు మోగుతూనే ఉన్నాయట. పగలు ఇటునుంచి కొట్టిన గోడను రాత్రికి అటునుంచి పూడ్చేవారు. ఏప్రిల్ 7వ తేదీ వచ్చేసరికి ఫోర్డు దగ్గర మరి రెండు రోజులకు సరిపడా మందుగుండు మాత్రమే మిగిలింది. సాయం వచ్చే ఆశ లేదు. నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో ఫరాసులకు అండగా దగ్గరలోనే విడిది చేసి ఉన్నాడు. వెనక్కి తిరిగినా చావే, ఆగినా చావే. ఇక మిగిలింది లగ్గలెక్కడమే, అంటే గోడలెక్కి కోటలోకి చొరబడడమే.

ఆ రాత్రి నడిజాము ఎందుకు ఎంచుకున్నారన్నది తాతయ్యకు ఎంతో ఇష్టమైన ఘట్టం. "చీకటి కోసమా?" అని అడిగేవారు. నేను తల ఊపేవాణ్ని. "కాదు. ఆటు కోసం" అనేవారు. ఆ వేళకు సముద్రం వెనక్కి తగ్గి, అగడ్తలో నీరు మూడు అడుగులకు మించి ఉండదు. పోటు సమయంలోనైతే అదే అగడ్త మనిషిని ముంచేస్తుంది. మూడు అడుగులంటే ఎంతో నాకు తెలియాలని ఆయన కర్రను నా పక్కన నిలబెట్టి, జేబులోంచి చిన్న చాకు తీసి, కొలిచి, దాని మీద ఒక గాటు పెట్టారు. ఆ గాటు నా ఛాతీ దగ్గరకు వచ్చింది. "ఇంత నీళ్లు. అడుగున బురద. చేతిలో తుపాకి తడవకూడదు. ఎదురుగా గోడ మీద నుంచి గుండ్లు" అని ఆగేవారు. ఇంకేమీ చెప్పేవారు కాదు. నేను ఆ గాటు వంక, ఎదుట మెరుస్తున్న పాయ వంక చూస్తూ నిలబడిపోయేవాణ్ని.

ఫోర్డు దగ్గర ఉన్నది సుమారు 350 మంది తెల్లవాళ్లు, 1,400 మంది సిపాయిలు. ఆనంద గజపతిరాజు మనుషులు ఊరి వైపు కట్ట మీద అలజడి చేయాలి. కెప్టెన్ నాక్స్ కొందరు సిపాయిలతో నైరుతి ఊబిలోంచి వెళ్లి కాల్పులు జరిపి లోపలివాళ్ల దృష్టి మళ్లించాలి. అసలు దెబ్బ ఈశాన్యపు మూల, ఫిరంగులు గండి పెట్టిన బురుజు దగ్గర. నాక్స్ తుపాకులు మోగేసరికి అసలు దండు ఇంకా మోకాలి లోతు బురదలో ఈడ్చుకుంటూనే ఉంది. ఆ తరవాత జరిగినదంతా చీకట్లో జరిగింది. గండిలోంచి ఎక్కి, ఒక బురుజు నుంచి మరో బురుజుకు గోడ మీదుగా తరుముకుంటూ పోయారు. ఒక చోట మందుపాతర ఉందన్న కేక విని సైనికులు వెనుదిరిగి పరుగెత్తితే, యార్క్ అనే కెప్టెన్ వాళ్లను మళ్లీ కూడగట్టుకు వచ్చాడు. ఆ వెంటనే పేలిన ఫిరంగి దెబ్బకు అతని రెండు తొడలూ గాయపడ్డాయి. తెల్లవారకముందే కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఆయుధాలు కింద పెట్టినవాళ్లు సుమారు 500 మంది తెల్లవాళ్లు, 2,500 మందికి పైగా సిపాయిలూ తదితరులూ. అంటే పట్టుకున్నవాళ్ల కంటే పట్టుబడినవాళ్లే ఎక్కువ.

ఈ ఊబి దారి ఇంగ్లీషువాళ్లకు ఎలా తెలిసిందన్నదాని మీద తాతయ్యకు సొంత అభిప్రాయం ఒకటి ఉండేది. "తరతరాలుగా ఇక్కడ వల వేసుకునే పల్లెవాళ్లకు ఏ చోట కాలు నిలుస్తుందో, ఏ చోట దిగబడుతుందో తెలియకుండా ఉంటుందా? చరిత్ర రాసినవాడు వాళ్లను అడగడు" అనేవారు. నేను పెద్దయ్యాక ఆ ముట్టడి గురించి చదివిన ప్రతిసారీ కెప్టెన్ల పేర్లు, బురుజుల పేర్లు, పోయినవాళ్ల లెక్కలు కనిపించాయే గానీ, ముందు నడిచి అడుగు చూపిన మనిషి పేరు కనిపించలేదు. ఆ సిపాయిల పేర్లు కూడా కనిపించలేదు. చనిపోయిన ఇంగ్లీషు కెప్టెన్ పేరు కలండర్ అని మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయమే.

కోట పడిపోయిన వారానికి పుదుచ్చేరి నుంచి ఫరాసుల ఓడలు సాయం తీసుకుని వచ్చాయి. దూరాన లంగరు వేసి చూస్తే కోట నుంచి తమవాళ్ల సంకేతమేదీ రాలేదు. పరిస్థితి గ్రహించి తిరిగి వెళ్లిపోయాయి. నెల తిరిగేసరికి, 1759 మే 14న, సలాబత్ జంగ్ బందరునూ దాని చుట్టుపక్కల జిల్లాలనూ ఇంగ్లీషువాళ్లకు రాసి ఇచ్చేశాడు. అంతవరకూ ఫరాసుల పక్షాన నిలిచినవాడే. కోస్తా తీరంలో ఇంగ్లీషువాళ్ల పాలనకు పునాది పడింది ఈ బురదలోనే అని తాతయ్య ఎంతో గంభీరంగా చెప్పేవారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో అతిశయం ఏమీ లేదనిపిస్తుంది.

ఆ తరవాత కోట మీదికి శత్రువు రాలేదు. 1809లో మాత్రం లోపలివాళ్లే తిరగబడ్డారు. మద్రాసు ప్రభుత్వం తమ రాబడికి కోత పెట్టిందన్న కోపంతో ఉన్న తెల్ల అధికారులు తమ పై అధికారిని నిర్బంధించారు. ప్రభుత్వం పంపిన జాన్ మాల్కం అనే అధికారి వచ్చి నచ్చజెప్పాల్సి వచ్చింది. తాతయ్య దీని గురించి పెద్దగా చెప్పేవారు కాదు. ఆయన మనసంతా దాని తరవాతి రాత్రి మీదే ఉండేది.

1864 నవంబరు 1. ఆ రాత్రి వచ్చిన ఉప్పెన మామూలు పోటు మట్టానికి సుమారు 13 అడుగుల ఎత్తున లేచి వచ్చింది. కోటనూ పట్టణాన్నీ ముంచి మైళ్ల కొద్దీ లోపలికి వెళ్లింది. బందరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సుమారు 30,000 మంది పోయారు. ఫిరంగులు, ఆయుధశాల, అగడ్త, పదకొండు బురుజులు, వీటిలో ఏ ఒక్కటీ ఆ నీటి ముందు నిలవలేదు. ఇన్నేళ్లూ కోటను కాపాడిన పాయే కోటలోకి దారి అయింది. ఆ తరవాత కొద్దికాలానికే సైన్యాన్ని ఇక్కడి నుంచి తరలించేశారు. ఊరు మెల్లగా కోలుకుంది గానీ కోట కోలుకోలేదు. మేటలు వేసిన రేవులోకి పెద్ద ఓడలు రాలేక, ఎప్పటినుంచో మైళ్ల దూరంలోనే లంగరు వేసి పడవల మీద సరుకు దించుకునేవి. ఆ వ్యాపారం కూడా తగ్గిపోతూ వచ్చింది. కాపాడవలసిన సంపదే లేనప్పుడు కోట ఎవరికి కావాలి?

ఈ సంగతి చెప్పేటప్పుడు తాతయ్య గొంతు మారేది. ఎందుకో నాకు అమ్మమ్మ చెప్పింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఆమెకు పుస్తకంలోది కాదు. ఆమె పుట్టింటివాళ్లలో నలుగురు ఆ నీటిలో పోయారు. మర్నాటి నుంచి తాతయ్య, ఇంకొందరు ఉపాధ్యాయులు బియ్యం, పాతబట్టలు కట్టుకుని అటువైపు వెళ్లారట. ఆయన అక్కడ చూసినదేమిటో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే మాట మార్చేవారు. కానీ కోటకు వెళ్లినప్పుడు, ఆ గంట గోపురం మొదట్లో కూర్చుని 1864 గురించి చెబుతూ చెబుతూ, మధ్యలో ఆగిపోయి, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయేవారు. ఒక్కొక్కసారి వాక్యం 1864లో మొదలై 1977లో ముగిసేది. చిన్నవాణ్ని కాబట్టి నాకు రెండూ ఒకే రాత్రి జరిగినట్టుగా మనసులో పడిపోయాయి. ఇప్పటికీ వాటిని విడదీసి తలచుకోవడం నాకు కష్టమే.

కూలిన గోడ పక్కన ఒకసారి ఇటుక ముక్క ఒకటి ఏరుకున్నాను. ఇప్పటి ఇటుకలా మందంగా ఉండదు. పలచగా, వెడల్పుగా, రొట్టెలాగ ఉంటుంది. దాని వెనక అంటుకున్న సున్నం ఇటుకకు సగం మందాన ఉంది. దానిలో తెల్లని చిన్న చిన్న గవ్వ ముక్కలు కనిపించాయి. గోరుతో గీకితే సున్నం రాలలేదు గానీ ఇటుక పొడి ఎర్రగా రాలింది. ఇంటికి తెచ్చుకుంటానంటే తాతయ్య ఒప్పుకోలేదు. "దొరికినవాడల్లా ఒకటి పట్టుకుపోయాడు గనకే కోట ఇలా మిగిలింది. ఎక్కడిది అక్కడ పెట్టెయ్యి" అన్నారు. గోడలో దాని చోటు వెతికి, సరిగ్గా అమరకపోయినా ఒక సందులో ఇరికించి వచ్చాను.

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. మొన్న చలికాలంలో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. తాతయ్య కర్రను కారు వెనక సీటులో పడుకోబెట్టుకుని వెళ్లాం. రోడ్డు బాగుపడింది. పురావస్తు శాఖవారి బోర్డు ఉంది. గంట గోపురం నిలిచే ఉంది, దాని సందుల్లో రావి మొలిచింది. పైకప్పులేని గదుల్లో మేకలు మేస్తున్నాయి. 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి కాబట్టి ఊరంతా మళ్లీ ఓడల మాటే మాట్లాడుతోంది. నాకు సంతోషంగానే ఉంది. గిలకలదిండి వైపు నుంచి మరపడవలు వరసగా పాయ దాటి వెళుతున్నాయి.

ఇటుకను ఇరికించిన సందు కోసం వెతికాను. ఆ గోడలో ఆ భాగమే లేదు.

అమ్మాయికి నేల మీద నలుచదరం గీశాను. ఈశాన్యాన ఒక గుల్ల పెట్టాను. ఆటు సంగతి చెప్పి, కర్రను పక్కన నిలబెట్టి గాటు చూపించాను. అది తనకు బొడ్డు పైకి వచ్చింది. తను కాసేపు ఆ గాటు మీద వేలు పెట్టుకుని నిలబడి, "మరి ఆ ముందు నడిచినతనికి ఎంతవరకు వచ్చి ఉంటుంది నాన్నా?" అని అడిగింది. అప్పటికి పాయలో నీరు తిరిగింది. మడచెట్ల వేళ్ల మధ్య నుంచి చిన్న చిన్న పీతలు పైకి ఎక్కుతున్నాయి. పోటు మొదలైంది కాబట్టి మేము చెప్పులు చేత పట్టుకుని గట్టు మీదికి వచ్చేశాం.